కొండ మీది నిప్పుకు ఎవరిని పంపాలి?

అధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, ఎండను లెక్కచేయక వచ్చిన గుంటూరు పౌరులకు, విద్యార్థులకు నమస్కారం. అంతర్జాతీయ అటవీ దినోత్సవం సందర్భంగా మొక్కల పెంపకం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం నా తరువాత మాట్లాడేవారు నాకంటె బాగా చెబుతారు. నాకిచ్చిన సమయాన్ని, దారీతెన్నూ లేని కొండల్లో పిడుగు వల్ల పుట్టే కార్చిచ్చుకు కేటాయించుకుంటున్నాను; మన్నించాలి.

పిడుగు పడిన వెంటనే అడవి భగ్గుమంటుందని మనం అనుకుంటాము. చాలాసార్లు అలా జరగదు. ఎండిన మాను తొర్రలోనో, ఏళ్ల తరబడి పేరుకున్న ఆకుల అడుగునో నిప్పు రోజుల తరబడి రాజుకుంటూ ఉండి, గాలి లేచిన నాడు బయటపడుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో వేసవి మేఘాల చినుకులు తరచు నేలను చేరేలోపే ఆవిరైపోతాయి, పిడుగు మాత్రం దిగుతుంది. మన నల్లమలలో ఉరుముల వెంట సాధారణంగా వాన కూడా ఉంటుంది. ఇక్కడి మంటలలో అత్యధికం మనుషుల వల్ల పుట్టేవే. కనుక అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ అమలు చేయాలని నేను అనడం లేదు. అక్కడివారు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకున్నది మనం ఊరికే నేర్చుకోవచ్చునని మాత్రం అంటున్నాను.

1910 ఆగస్టులో అమెరికాలోని ఐడహో, మొంటానా రాష్ట్రాల కొండలలో రెండు రోజులలో దాదాపు ముప్పై లక్షల ఎకరాలు కాలిపోయిన తరువాత, అక్కడి అటవీ శాఖకు నిప్పంటే పగ ఏర్పడింది. ఏ మంట కనిపించినా మరునాటి ఉదయం పది గంటలలోగా అదుపులోకి తేవాలని 1935లో నియమం పెట్టారు. ఊరి పక్కన రేగిన మంటకు అది సబబే. మనిషి అడుగుపెట్టని శిఖరం మీది మంటకూ అదే నియమం వర్తింపజేయడం వల్ల ఏమి జరిగిందో చెప్పడానికే నేను ఈ వేదిక ఎక్కాను.

1949 ఆగస్టు 5, మొంటానాలోని మాన్ గల్చ్ అనే లోయ. పిడుగు వల్ల పుట్టిన మంటను ఆర్పడానికి పదిహేను మంది పారాచూట్లతో దిగారు. కింద ఒక అటవీ రక్షకుడు వారితో కలిశాడు. మంట లోయకు అవతలి గట్టున ఉన్నదనుకొని వారు నది వైపు దిగుతుండగా, అది కిందనే లోయను దాటి ఇవతలి గడ్డిలోకి వచ్చి, వారికి ఎదురుగా పైకి పరుగెత్తింది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపు అవుతుందని లెక్క. మంగళగిరి మెట్లు ఎక్కేటప్పుడు మనకు ఆయాసం పెరిగినంత వేగంగా, నిప్పుకు బలం పెరుగుతుంది! నాయకుడు వాగ్ డాజ్ పనిముట్లు పారేయమన్నాడు. తరువాత, తన ముందున్న గడ్డికి తానే అగ్గిపుల్ల గీసి, అది కాలిపోయిన బూడిదలో బోర్లా పడుకున్నాడు. రమ్మని పిలిచాడు. నిప్పు నుంచి పారిపోతున్నవారికి నిప్పు వెలిగించేవాడి మాట ఎలా రుచిస్తుంది? ఎవరూ రాలేదు. కాలిన చోట మళ్లీ కాలడానికి ఏమీ ఉండదు కనుక డాజ్ బతికాడు. గట్టు మీది రాళ్ల సందు దాటిన మరో ఇద్దరు బతికారు. పదమూడు మంది మరణించారు.

విద్యార్థులారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఆ లోయలో ఊరు లేదు, పంట లేదు. గడ్డి, దేవదారు జాతి చెట్లు ఉన్నాయి, అంతే. వాటికోసం పదమూడు మందా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా నాకు తనివి తీరదు.

అయితే కొండ మీది నిప్పును చూసి చేతులు ముడుచుకొని కూర్చోవాలా అని మీరు అడగవచ్చు. యెల్లోస్టోన్ జాతీయ వనంలో 1972 నుంచి జనావాసాలకు దూరంగా పిడుగు వల్ల రేగిన మంటలను కాలనిచ్చారు. 1987 వరకు అలా వదిలిన 235 మంటలలో వంద ఎకరాలు దాటినవి పదిహేను మాత్రమే. 1988లో కరవు, గాలులు కలిసి వనంలో దాదాపు 36 శాతాన్ని మంట చుట్టుముట్టినప్పుడు పత్రికలు ఆ విధానాన్ని దుమ్మెత్తిపోశాయి. జూలై నెలాఖరుకు ముందే అన్ని మంటలనూ ఆర్పాలని నిర్ణయించి వేలమందిని దింపినా, సెప్టెంబరు 11న కురిసిన మంచు చేసినంత పని వారు చేయలేకపోయారు. వదిలేయడం అంటే నిర్లక్ష్యం కాదు. గాలి దిశను, తేమను పూటపూటా కొలవాలి; ఏ వాగు దగ్గర, ఏ రాతి చరియ దగ్గర మంట తనంతట ఆగుతుందో ముందే గుర్తించాలి; ఊళ్లున్న వైపు మాత్రం ఫైర్ లైను, అంటే కాలడానికి ఏమీ మిగలని ఖాళీ నేల పట్టీ, తవ్వి, అవసరమైతే వచ్చే మంటకు మేత మిగలకుండా ఎదురు మంట పెట్టాలి. ఆర్పడం కన్నా ఇది ఓపిక గల పని.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తున్నాను. మన అడవులలో ఫైర్ వాచర్లుగా పనిచేసే కుర్రవాళ్లు పచ్చి రెమ్మలతో మంటను కొట్టి ఆర్పుతారు. ఇప్పుడు ఉపగ్రహాలు మంటను పసిగట్టి ఫోనుకు సందేశం పంపుతున్నాయి, సంతోషం. ఆ సందేశం అందగానే వారిని కొండ ఎక్కిస్తున్నాము. ఒక కార్యాలయంలో నాకు చూపిన నివేదిక పత్రంలో కాలిన విస్తీర్ణానికి, ఆర్పిన సమయానికి, నష్టం విలువకు గడులు ఉన్నాయి. ఎంతమందిని పంపారు, పైన నిలబడి మంటను గమనించినది ఎవరు, వారు వెనుదిరిగే దారి ఏది అన్న గడులు లేవు. అడిగితే, పై నుంచి వచ్చిన నమూనా అన్నారు. ఆ మూడు గడులు చేర్చాలని, మూడో గడి నింపకుండా ఎవరినీ కొండ ఎక్కించరాదని ఈ సభ తరఫున అటవీ శాఖకు ఒక వినతిపత్రం పంపుదాం. రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నది, సంతకాలు చేసి వెళ్లవలసిందిగా కోరుతున్నాను.