వైజాగ్‌లో మా ఫ్లాటు లెక్క: తుడిచే డబ్బులోనూ కమీషనే!

హాయ్ అండీ, ఈసారి డల్లాస్ కాదు, వైజాగ్ నుంచే వీడియో. రుషికొండ దగ్గర మా నాన్న ఫ్లాటు టూరిస్టులకి ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో రోజువారీ అద్దెకి ఇస్తున్నాం కదా, మా పిన్ని కూతురి అత్తగారు కూడా వాళ్ల పై పోర్షను అలాగే పెడదామనుకుంటున్నారట. "అక్కా, యాప్ వాడు ఎంత కోస్తాడో వీడియో చేసి పెట్టవా, ఫోన్లో చెప్తే నాకు ఎక్కట్లేదు" అంది ఆ చెల్లి. సరే చెల్లీ, నీకోసమే ఇది. మిగతావాళ్లూ చూడండి, వ్యూస్ వస్తే నాకూ నాలుగు డబ్బులు.

ఫీజు రెండు రకాలుగా ఉంటుంది. మన దగ్గర 3 శాతం తీసుకుని గెస్టు దగ్గర విడిగా 14 శాతం అటూ ఇటూగా తీసుకునేది ఒకటి. మొత్తం మన దగ్గరే కోసేది ఇంకోటి. నాలుగు యాప్‌ల బుకింగులూ ఒకచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ వాడే హోస్టుల్ని ఎయిర్‌బీఎన్‌బీ 2025 అక్టోబరులో ఈ రెండో పద్ధతికి మార్చింది, 15.5 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే వందకి 18 రూపాయల 29 పైసలు.

చేతికి 3,000 రావాలంటే మా బాబాయిలా 18.29 శాతం పైన కలిపేసి 3,549 పెట్టకూడదు. కోత ఆ పెంచిన రేటు మీద పడుతుంది కదా, వంద తగ్గుతుంది. వందలో 18.29 పోతే మిగిలేది 81.71, అందుకే 3,000ని 0.8171తో భాగించాలి, 3,672 వస్తుంది. నాన్నకి ఇది చెప్పడానికి నాకు రెండు కాఫీలు పట్టింది.

అసలు నాకు మండేది క్లీనింగ్ ఫీజు దగ్గర. అమెరికాలో దీని గోల వేరు. గాల్వెస్టన్ అని మా టెక్సాస్‌లో బీచ్ ఊరు, అక్కడ ఇల్లు తీసుకుంటే క్లీనింగ్‌కే 140 డాలర్లు, డాలరు 88 వేసుకున్నా మన 12 వేలు పైనే. అంత కట్టాక కూడా వెళ్లేముందు దుప్పట్లు వాషర్లో వెయ్యాలి, చెత్త బయట పెట్టాలి, గిన్నెలు కడగాలి! ముందు తక్కువ రేటు చూపించి చివర్లో ఇలాంటివి కలపడం ఎక్కువైపోయి, 2025 మే నుంచి మొత్తం ధర మొదట్లోనే చూపించాలని అక్కడ రూల్ పెట్టారు.

ఇక్కడ మా అప్పలనర్సమ్మ ఒకసారి శుభ్రం చేస్తే 500 తీసుకుంటుంది. కలకత్తా నుంచి వచ్చినవాళ్లు ఆవనూనెలో చేపలు వేయించుకుంటే ఇంకో వంద, ఆ వాసన వదలాలంటే మాటలా మరి. చేపలంటే గుర్తొచ్చింది, పొద్దున ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం తెచ్చారు, అమ్మ పులుసు పెడుతోంది, అది వేరే వీడియో. అప్పలనర్సమ్మ తుడుస్తూ వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ చెప్తుంది. డల్లాస్‌లో నేనే తుడుచుకుంటా, వాక్యూమ్ చప్పుడు తప్ప ఇంకో మాట వినపడదు.

సరే, లెక్క. ఫీజు గది అద్దె మీదే కాదు, క్లీనింగ్ మీద కూడా పడుతుంది. యాప్‌లో క్లీనింగ్ ఫీజు 500 అని పెడితే మన చేతికి 409 రూపాయలే, మిగతా 91 మన జేబులోంచి. ఆవిడకి 500 ఇవ్వాలంటే 612 పెట్టాలి. పైగా అది బసకి ఒకసారే, రోజుకి కాదు, కాబట్టి ఒక్క రాత్రికి వచ్చేవాళ్లకి బరువు, అరకు కూడా చూసుకుని నాలుగు రోజులుండే వాళ్లకి తెలియదు. అందుకే మేం కనీసం రెండు రాత్రులు అని పెట్టేశాం.

బాబాయి మాత్రం "ఎందుకే ఇదంతా, వాట్సాప్‌లో నంబరిచ్చి నేరుగా రమ్మంటే పోలా" అంటాడు. యాప్‌లో పరిచయమైన గెస్టుని బయటికి లాగితే యాప్ వాడు మన లిస్టింగ్ తీసేయొచ్చు, టీవీ పగిలితే అడిగే దిక్కూ ఉండదు.

ఇంకోటి, టీడీఎస్, అంటే మనకిచ్చే డబ్బులోంచి యాప్ వాడు ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. 2024 అక్టోబరు నుంచి అది 0.1 శాతమే, 3,500కి మూడున్నర రూపాయలు, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం. చెల్లీ, రేటు సంగతి తర్వాత, ముందు మీ అత్తగారి పాన్ ఆధార్‌తో లింకైందో లేదో చూడు.