బ్రిటన్‌లో ప్రైవేటు పార్కింగ్ నోటీసు వచ్చిందా? డబ్బు కట్టే ముందు తేదీలు చూడండి

[తెరపై: పసుపు, నలుపు అంచులున్న నోటీసు. పేరు, కారు నంబరు మసకగా.]

నమస్కారం. సూపర్ మార్కెట్‌కు వెళ్లి సరుకులు తెచ్చుకున్న కొన్ని రోజులకు ఇలాంటి కవరు ఒకటి ఇంటికి వస్తుంది. అందులో మీ కారు లోపలికి వెళ్తున్న ఫొటో ఒకటి, బయటికి వస్తున్న ఫొటో ఒకటి. వాటి కింద 100 పౌండ్లు కట్టమని, 14 రోజుల్లో కడితే 60 చాలని ఉంటుంది. చూస్తే అచ్చం సర్కారు వేసిన జరిమానాలాగే కనిపిస్తుంది. అలా కనిపించాలనే దాన్ని అలా తయారు చేస్తారు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లలో కొందరు వీసాకు ఏ ముప్పు వస్తుందోనని ఆ రాత్రే డబ్బు కట్టేస్తారు. ఇంకొందరు, ప్రైవేటు కంపెనీ ఏం చేయగలదులే అని దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. నన్నడిగితే రెండోది మొదటిదానికన్నా ప్రమాదం. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందుగా నోటీసు ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ పంపేది పెనాల్టీ చార్జ్ నోటీస్. ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు కాబట్టి పొరపాటు పడడం తేలిక. కౌన్సిల్‌దైతే చట్టం వేరు, అప్పీలు దారి వేరు. ఈ వీడియో మీకు పనికిరాదు.

ప్రైవేటు కంపెనీది జరిమానా కాదు. స్థలం యజమాని తరఫున ఆ కంపెనీ అక్కడ బోర్డులు పెడుతుంది. బోర్డు మీద షరతులు ఉంటాయి. కారు ఆపినవాడు వాటికి ఒప్పుకున్నట్టే, తప్పాడు కాబట్టి బోర్డులో రాసిన మొత్తం బాకీ పడ్డాడు, ఇదీ వాళ్ల వాదన. అంటే ఇది ఒప్పందం మీద నడిచే సివిల్ వ్యవహారం. లైసెన్సు మీద పాయింట్లు పడవు, నేర చరిత్రలోకి ఎక్కదు.

[తెరపై: షాపింగ్ ప్రాంగణం, స్తంభానికి పార్కింగ్ బోర్డు.]

"గంట ఎక్కువ ఆపితే వంద పౌండ్లా? కోర్టులో నిలవదు" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015 నవంబరు 4న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ వాదనకు తెర దించింది. చెల్మ్స్‌ఫర్డ్‌లోని ఒక షాపింగ్ ప్రాంగణంలో రెండు గంటలు ఉచితం. బారీ బీవిస్ అనే వాహనదారుడు 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. పార్కింగ్ ఐ కంపెనీ 85 పౌండ్లు అడిగింది. అక్కడ వాళ్లకు పైసా నష్టం జరగలేదు కదా అన్నది ఆయన వాదన. స్థలం అందరికీ దొరకాలంటే అలాంటి మొత్తం పెట్టడంలో న్యాయమైన ప్రయోజనం ఉంది, బోర్డులు పెద్దవిగా స్పష్టంగా ఉన్నాయి అని చెప్పి కోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. కాబట్టి "మొత్తం అన్యాయం" అనే ఒక్క ముక్క మీద అప్పీలు రాయకండి. అదే తీర్పులోని రెండో భాగం మాత్రం మనకు పనికొస్తుంది. బోర్డు చిన్నదై, చెట్టు చాటున ఉండి, రాత్రి వెలుతురు లేకపోతే ఒప్పందమే కుదరలేదని వాదించవచ్చు. వెళ్లి ఫొటోలు తీయండి. చీకట్లో ఆపి ఉంటే చీకట్లోనే తీయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కంపెనీకి మీ చిరునామా ఎక్కడిది? వాహనాల నమోదు చూసే డీవీఎల్ఏ ఇచ్చింది. ఒక్కో వివరానికి 2.50 పౌండ్లు తీసుకుని మరీ ఇస్తుంది. అయితే డీవీఎల్ఏకి తెలిసింది కారు ఎవరి పేర నమోదై ఉందన్నదే. ఆ మనిషిని ఇక్కడ కీపర్ అంటారు. ఆ రోజు నడిపింది ఎవరో డీవీఎల్ఏకీ తెలియదు, కంపెనీకీ తెలియదు. ఒప్పందం మాత్రం నడిపినవాడితో.

ఒకప్పుడు వీళ్లు ఈ చిక్కును చక్రాలకు తాళం వేసి తీర్చుకునేవాళ్లు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2012 అక్టోబరు 1 నుంచి ప్రైవేటు స్థలాల్లో ఆ తాళాలను నిషేధించారు. బదులుగా కంపెనీలకు ఒక వరం దొరికింది. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, 2012, నాలుగో షెడ్యూలు ప్రకారం నడిపింది ఎవరో తేలకపోతే కీపర్‌నే అడగవచ్చు. కానీ వరానికి షరతులున్నాయి. నోటీసు గడువులోపు చేరాలి, అందులో చట్టం చెప్పిన మాటలన్నీ ఉండాలి. ఏది తప్పినా కీపర్ నుంచి వసూలు చేసే హక్కు పోతుంది.

[తెరపై: 2025 మార్చి క్యాలెండరు. 3, 14, 18 తేదీలకు సున్నాలు.]

గడువును లెక్కపెట్టి చూద్దాం. కారు ముందు అద్దానికి ఏ టికెట్టూ అంటించలేదు, కెమెరా ఒక్కటే చూసింది అనుకోండి. కారు ఆపింది మార్చి 3, సోమవారం. మరుసటి రోజు నుంచి 14 రోజులు లెక్కిస్తే 17తో గడువు ముగుస్తుంది. నోటీసు మీద పోస్టు చేసిన తేదీ 14, శుక్రవారం అని ఉంది. గడువులోపే వేశారుగా అనిపిస్తుంది. చట్టం చూసేది పోస్టు చేసిన రోజును కాదు, చేరిన రోజును. పోస్టు చేసిన తర్వాత రెండో పనిదినాన చేరినట్టు లెక్క. శని, ఆదివారాలు పనిదినాలు కావు. సోమవారం ఒకటి, మంగళవారం రెండు. అంటే 18న చేరినట్టు. ఒక్క రోజు ఆలస్యం, కీపర్ బాధ్యత ఎగిరిపోయింది.

అద్దానికి టికెట్ అంటించి ఉంటే లెక్క వేరు. అప్పుడు కంపెనీ 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లో కీపర్‌కు నోటీసు చేరేలా పంపాలి. సొంత ఉపచట్టాలున్న విమానాశ్రయ, రైల్వే స్థలాల్లో సాధారణంగా కీపర్ బాధ్యతే వర్తించదు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలను ఎక్కించుకోవడానికి వెళ్లి నోటీసు తెచ్చుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లకు ఈ షెడ్యూలు వర్తించదు.

అందుకే అప్పీలులో "నేను కారు ఆపాను", "నాకు ఆలస్యమైంది" అని రాయకండి. ఆ ఒక్క వాక్యంతో ఈ రక్షణ అంతా మీ చేత్తో మీరే తీసేసుకున్నట్టు. "కారు ఆగింది", "నడిపిన వ్యక్తి" అని రాయండి. ఇది మోసం కదా అని కొందరికి అనుమానం. అబద్ధం చెప్పమనడం లేదు, వేరేవాళ్ల పేరు ఇరికించమనడం అసలే లేదు. నడిపింది ఎవరో ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలని చట్టంలో లేదు, అంతే.

ఇక ఆ రెండు ఫొటోలు. కెమెరా చూసేది కారు గేటు దాటిన సమయాన్ని, ఆగి ఉన్న సమయాన్ని కాదు. ఖాళీ కోసం తిరిగిన నిమిషాలు, బయటికి వెళ్లే వరుసలో నిలబడిన నిమిషాలు అన్నీ అందులో కలిసిపోతాయి. పార్కింగ్ కంపెనీల సంఘాలు పెట్టుకున్న నియమావళి ప్రకారమే అనుమతించిన సమయం తర్వాత కనీసం 10 నిమిషాల వెసులుబాటు ఇవ్వాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తే, మధ్యలో బయటికి వచ్చిన ఫొటో కెమెరాకు చిక్కక, ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నట్టు లెక్కకట్టిన సందర్భాలూ ఉన్నాయి. మధ్యలో ఎక్కడో పెట్రోలు పోయించుకున్న రసీదు ఉంటే చాలు. మిషన్‌లో డబ్బు కట్టి కారు నంబరులో ఒక అక్షరం తప్పు కొట్టినా భయం లేదు. అలాంటి చిన్న తప్పుకు నోటీసు రద్దు చేయాలని నియమావళిలోనే ఉంది.

అప్పీలు రాసే ముందు ఆ దుకాణానికి వెళ్లండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సరుకులు కొన్న రసీదు చూపించి మేనేజరును అడగండి. స్థలం వాళ్లదైతే కంపెనీకి చెప్పి రద్దు చేయించే వీలు చాలాసార్లు ఉంటుంది. ఇంత తేలికైన దారిని మనవాళ్లు మొహమాటంతో వదిలేస్తారు.

[తెరపై: అప్పీలు ఉత్తరం.]

అది కుదరకపోతే కంపెనీకే అప్పీలు. గడువు 28 రోజులు. 14 రోజుల్లోపు పంపితే మంచిది, తిరస్కరించినా తగ్గింపు ధరకు మళ్లీ 14 రోజులు ఇవ్వాలి. ఇంగ్లీషులో రాసి పంపండి. సారాంశం ఇలా ఉండాలి: "నేను ఈ వాహనం కీపర్‌ను. మీ నోటీసు మార్చి 14న పోస్టయింది, 18న చేరినట్టు లెక్క. నాలుగో షెడ్యూలు గడువు దాటింది. కీపర్‌గా నాకు బాధ్యత లేదు. నడిపిన వ్యక్తి వివరాలు నేను ఇవ్వడం లేదు. రద్దు చేయండి, లేదా స్వతంత్ర అప్పీలుకు కావలసిన వివరాలు పంపండి." కోపం, కన్నీళ్లు, కుటుంబ కష్టాలు ఇందులో వద్దు.

తిరస్కరిస్తే, కంపెనీ ఏ సంఘంలో సభ్యురాలో దాన్ని బట్టి పోప్లా లేదా ఐఏఎస్ అనే స్వతంత్ర అప్పీలు సంస్థకు అప్పీలు చేయాలి. పోప్లాకు 28 రోజుల గడువు, రుసుము లేదు. అక్కడ మీరు గెలిస్తే కంపెనీ కట్టుబడాలి. ఓడిపోతే మీరు కట్టుబడి తీరాలని లేదు, కాకపోతే తగ్గింపు ధర అప్పటికే పోయి ఉంటుంది. అక్కడ బోర్డుల ఫొటోలు, తేదీల లెక్కతో పాటు, ఆ స్థలంలో వసూలు చేసే అధికారం కంపెనీకి ఉందో లేదో యజమానితో చేసుకున్న ఒప్పందం చూపించమని కూడా అడగండి.

తర్వాత వసూలు ఏజెన్సీల ఉత్తరాలు మొదలవుతాయి. ఎర్రక్షరాలు, మీద ఇంకో 70 పౌండ్లు. వీళ్లు కోర్టు పంపిన జప్తు అధికారులు కారు. మీ ఇంట్లోకి అడుగుపెట్టే అధికారం వాళ్లకు లేదు. ఆ ఉత్తరాలను ఫైలులో పెట్టండి చాలు.

పట్టించుకోవలసినవి రెండు. ఒకటి, "లెటర్ ఆఫ్ క్లెయిమ్", అంటే కోర్టుకు వెళ్లే ముందు పంపే హెచ్చరిక ఉత్తరం. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండోది కోర్టు నుంచే వచ్చే క్లెయిమ్ ఫారం. అది అందిన 14 రోజుల్లో అందినట్టు కోర్టుకు తెలిపితే, వాదన దాఖలు చేయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. నోటీసును చెత్తబుట్టలో వేసినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. జవాబు లేకపోతే కోర్టు వాదన వినకుండానే తీర్పు ఇస్తుంది. దాన్ని సీసీజే, అంటే కౌంటీ కోర్ట్ జడ్జిమెంట్ అంటారు. నెలలోపు కట్టకపోతే ఆరేళ్లు మీ రుణ చరిత్రలో ఉంటుంది. ఇంటి లోనుకు వెళ్లినప్పుడు ఎదురొస్తుంది.

ఉత్తరం చూడకుండానే సీసీజే పడినవాళ్లూ ఉన్నారు. చదువుకోవడానికి వచ్చి అద్దె గదులు మారుతూ ఉంటారు, కారు పత్రం వీ5సీలో మాత్రం పాత చిరునామాయే ఉంటుంది. నోటీసు, క్లెయిమ్ ఫారం అన్నీ అక్కడికే పోతాయి. ఆ తీర్పును రద్దు చేయించుకోవాలంటే కోర్టుకే 300 పౌండ్లకు పైగా రుసుము కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. వీ5సీలో చిరునామా మార్చుకోవడానికి డీవీఎల్ఏ ఏమీ తీసుకోదు. లైసెన్సులో చిరునామా మార్చినంత మాత్రాన వీ5సీలో మారదు, రెండింటినీ విడివిడిగా మార్చుకోవాలి.