బెర్లిన్‌లో రాతతో బతుకు: నా పని రోజు, దాని వెనుక లెక్కలు

నమస్కారం. విజయవాడలో ఉంటున్న మా పిన్ని కూతురు ఈ మధ్య ఫోన్ చేసి, తాను కంపెనీ ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్ రచన మీదే బతకాలనుకుంటున్నానని చెప్పి, "అక్కా, నువ్వు అక్కడ అదే పని చేస్తున్నావు కదా, ఒక రోజంతా వీడియో తీసి పెట్టు, డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పు" అని అడిగింది. బల్లనూ కాఫీ కప్పునూ అందంగా చూపించే వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఈ వృత్తిలో ఆనందం మొదలయ్యేది లెక్క కుదిరిన చోటేనని నా గట్టి నమ్మకం. నెలాఖరుకు అద్దె ఎలా కట్టాలో తెలియని మనిషికి ఎంత ఇష్టమైన రాతపనైనా భారమే అవుతుంది. కనుక ఈ రోజు నా పనినీ, దాని వెనుక ఉన్న లెక్కలనూ కలిపి చూపిస్తాను. యూరోను సులువుగా వంద రూపాయలుగా అనుకుందాం.

నేను మావారి ఉద్యోగం వల్ల కుటుంబ వీసా మీద ఇక్కడికి వచ్చాను. అలా వచ్చినవారి నివాస అనుమతి పత్రం మీదే పని చేసుకోవచ్చునని రాసి ఉంటుంది, స్వయం ఉపాధి కూడా అందులోకే వస్తుంది. ఒంటరిగా ఇదే పని కోసం వచ్చేవారికి వేరే అనుమతి కావాలి, దానికి నిబంధనలు ఎక్కువ. ఇక వృత్తి మొదలుపెట్టడానికి పన్ను కార్యాలయానికి ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపి పంపితే చాలు, రుసుము లేదు, కొన్నాళ్లకు పన్ను సంఖ్య ఉత్తరంలో వస్తుంది. జర్మనీ ఆదాయపు పన్ను చట్టం స్వేచ్ఛావృత్తుల జాబితాలో డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లతో పాటు రచయితలనూ పాత్రికేయులనూ చేర్చింది. అందువల్ల మాకు దుకాణదారుల్లాగా వ్యాపార నమోదు అక్కర్లేదు, వ్యాపార పన్ను కూడా లేదు. ఆ జాబితాను మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది. "ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో రాసుకుంటోంది" అనే మాట మన వైపు నేను చాలాసార్లు విన్నాను, ఇక్కడ మాత్రం చట్టమే నన్ను డాక్టరు పక్కన కూర్చోబెట్టింది.

ఉదయం పాపను కిటాలో దింపి వచ్చాకే నా పని మొదలవుతుంది. కిటా అంటే బడి వయసు రాని పిల్లల్ని పగలంతా చూసుకునే చోటు. బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి దానికి ఫీజు లేదు, భోజనానికి మాత్రం నెలకు 23 యూరోలు, అంటే 2,300 రూపాయలు కడతాము. హైదరాబాదులో మా వదిన ప్లేస్కూలుకు కట్టే ఫీజు గుర్తొచ్చినప్పుడల్లా, నా వృత్తికి మొదటి పెట్టుబడి పెట్టింది ఈ నగరమేనని అనిపిస్తుంది. నాకు దొరికే పని గంటలు కిటా తలుపు తెరిచి ఉండే గంటలే కాబట్టి, వాటిని జాగ్రత్తగా పంచుకుంటాను. బుర్ర తేటగా ఉండే పొద్దుటి వేళంతా రాతకే ఇస్తాను, ఆ సమయంలో ఫోను పక్క గదిలో ఉంటుంది. ఉత్తరాలు, బిల్లులు, కొత్త పని కోసం సంపాదకులకు రాసే ప్రతిపాదనలు మధ్యాహ్న భోజనం తరువాతే.

ఇప్పుడు ధర సంగతి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇక్కడ సాహిత్య ప్రచురణలో లెక్కకు ఒక ప్రామాణిక పుట ఉంది: వరుసకు 60 అక్షరాలు, పుటకు 30 వరుసలు, ఖాళీలతో కలిపి గరిష్ఠంగా 1,800 అక్షరాలు. పుటకు ఇంత అని మాట్లాడుకుంటారు, పత్రికలు వరుసకు ఇంత అని ఇస్తాయి, కంపెనీలైతే గంటకో రోజుకో ఇస్తాయి. ఏ పద్ధతిలో ఇచ్చినా మన వైపు నుంచి ఒకటే లెక్క వేసుకోవాలి. ఏడాదిలో శని, ఆదివారాలు 104 పోతే 261 రోజులు మిగులుతాయి. పండుగలకు తొమ్మిది, సెలవులకు పాతిక, జ్వరాలకు ఏడు తీసేస్తే 220. వాటిలో దాదాపు నలభై శాతం పని వెతకడానికీ, చదువుకోవడానికీ, బిల్లులకూ పోతుంది, దానికి ఎవరూ డబ్బివ్వరు. అంటే డబ్బు వచ్చే రోజులు ఏడాదికి 130 చిల్లర. నెలకు 2,500 యూరోలు, ఏడాదికి 30,000 రావాలంటే ఆ ఒక్కొక్క రోజుకూ దాదాపు 230 యూరోలు, మన 23,000 రూపాయలు అడగాలి. ఈ అంకె వినగానే మా అమ్మ "రోజుకే?" అని ఆశ్చర్యపోయింది. నెల జీతాన్ని ముప్పైతో భాగించి, అదే తన ధర అనుకునే రచయిత రెండేళ్లలో అలసిపోయి మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోవడం నేను ఇక్కడా చూశాను, మన దగ్గరా చూశాను.

ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇప్పుడు చెబుతాను, కొంచెం ఓపికగా వినండి. ఇక్కడ ఉద్యోగి అయితే పింఛనుకూ ఆరోగ్య బీమాకూ కట్టవలసిన చందాలో సగం తాను కడితే సగం యజమాని కడతాడు. స్వయం ఉపాధిలో ఉన్నవారికి యజమాని లేడు కాబట్టి మామూలుగా మొత్తం భారం వారిదే. రచయితలకూ, సంగీతకారులకూ, చిత్రకారులకూ ఇది మోయలేని బరువని గుర్తించి జర్మనీ పార్లమెంటు 1981లో ఒక చట్టం చేసింది, అది 1983 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద ఉత్తర సముద్ర తీరంలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ పట్టణంలో క్యూన్‌స్ట్లర్‌సోత్సియాల్‌కాసే అనే సంస్థ పనిచేస్తోంది. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ కాఎస్‌కా అంటారు. మన రాతే ప్రధాన వృత్తి అని బిల్లులతో, ఒప్పందాలతో, అచ్చయిన వ్యాసాలతో రుజువు చేసుకుంటే అందులో చేర్చుకుంటారు. చేరినవారు చందాలో సగమే కట్టాలి. మిగతా సగం కాఎస్‌కా చూసుకుంటుంది.

ఆ మిగతా సగం ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఈ ఏర్పాటులో గొప్పతనం. మొత్తం ఖర్చులో ఇరవై శాతం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, ముప్పై శాతం మా చేత రాయించుకునే, గీయించుకునే, పాడించుకునే సంస్థలు ఇస్తాయి. ఒక కంపెనీ నాకు 100 యూరోలు ఇస్తే, దాని మీద కాఎస్‌కాకు వేరుగా రుసుము కట్టాలి, 2023 నుంచి 2025 వరకు అది 5 శాతం. ఆ సొమ్మును నా బిల్లులోంచి కోసుకోవడానికి వీల్లేదు.

అంకెల్లో చూద్దాం. నెలకు 1,500 యూరోల ఆదాయమున్న రచయితకు పింఛను చందా 18.6 శాతం, అందులో సగం 9.3 శాతం, అంటే సుమారు 140 యూరోలు. ఆరోగ్య బీమా మూల చందా 14.6 శాతంలో సగం సుమారు 110 యూరోలు, దాని మీద బీమా సంస్థ వేసే అదనపు చందాలోనూ, వృద్ధాప్య సంరక్షణ బీమాలోనూ ఇలాగే సగం. అన్నీ కలిపి 295 యూరోల దగ్గర తేలుతుంది, దాదాపు 29,500 రూపాయలు. వినడానికి పెద్ద మొత్తమే గానీ, కాఎస్‌కా లేకపోతే ఇన్నిటికీ దీనికి రెట్టింపు అయ్యేది. చేరాక ఏడాదికి కనీసం 3,900 యూరోలు రాత మీద సంపాదించాలనే షరతు ఉంది, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి మొదటి మూడేళ్లు ఆ షరతు కూడా లేదు. రాతలో మొదటి మూడేళ్లు ఎలా ఉంటాయో తెలిసినవారెవరో ఈ చట్టం రాశారని నాకనిపిస్తుంది.

మా నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి విరమించారు. నేను ఉద్యోగం చూసుకోకుండా రాతలోకి దిగుతానన్నప్పుడు ఆయన వద్దనలేదు, కోప్పడలేదు, "పింఛను ఉంటుందా అమ్మా?" అని మాత్రం అడిగారు. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు. జర్మనీ పింఛను సంస్థ, ఐదేళ్లు చందా కట్టినవారికి ఏటా ఒక ఉత్తరం పంపిస్తుంది: ఇప్పటిదాకా ఎంత జమ అయింది, ఇలాగే కడుతూ పోతే వృద్ధాప్యంలో నెలకు ఎంత వస్తుంది అని. నాకు అది వచ్చిన రోజు వీడియో కాల్‌లో ఆయనకు చూపించాను. అంకె పెద్దదేమీ కాదు. అయినా ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివించుకున్నారు, ఆ సాయంత్రమే మా బాబాయికి ఫోన్ చేసి "మన అమ్మాయికి పింఛను కాగితం వచ్చింది" అని చెప్పారట. నా పేరుతో అచ్చయిన ఏ వ్యాసమూ ఆయనకు అంత ధైర్యం ఇవ్వలేదు.

బిల్లుల విషయంలో కూడా చట్టం మన పక్కనే నిలబడుతుంది. ఒక సంస్థ నా బిల్లును నెలల తరబడి పట్టించుకోలేదు. ఇక్కడి పౌర చట్టం ప్రకారం, సొమ్ము చెల్లించవలసిన సమయం వచ్చి, బిల్లు కూడా అందిన తరువాత 30 రోజులు దాటితే ఆ కంపెనీ బాకీదారే. అప్పటి నుంచి జర్మనీ కేంద్ర బ్యాంకు ప్రకటించే మూల వడ్డీ రేటు మీద 9 శాతం పాయింట్లు అదనంగా వడ్డీ అడగవచ్చు, దానితో పాటు ఆలస్యానికి 40 యూరోలు, మన 4,000 రూపాయలు, విడిగా వసూలు చేయవచ్చు. ఆ సెక్షన్ సంఖ్య వేసి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను, వారం తిరగకుండా సొమ్ము జమ అయింది. వరుస సంఖ్య, పన్ను సంఖ్య, పని చేసిన తేదీ సరిగా వేసి, రాత ముగిసిన రోజే బిల్లు పంపడం అలవాటు చేసుకున్నాను. బిల్లు పంపడానికి మొహమాటపడే గుణం మనలో చాలామందికి ఉంది, దాన్ని ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిది.

ఇంకొక చిన్న ఆదాయం కూడా ఉంది. 1958లో ఏర్పడిన ఫౌ గే వోర్ట్ అనే రచయితల హక్కుల సంఘం మ్యూనిక్‌లో ఉంది. ఈ దేశంలో అమ్ముడయ్యే ప్రింటర్లు, స్కానర్లు, ఫోన్ల ధరలో, వాటితో జనం తీసుకునే కాపీలకు పరిహారంగా కొంత రుసుము కలిసి ఉంటుంది. అందులో రచయితల వాటాను ఈ సంఘం ఏటా పంచుతుంది. గ్రంథాలయాలు అరువిచ్చే పుస్తకాలకు కూడా వాటా ఉంది. నా జర్మన్ వ్యాసాల మీద వచ్చేది ప్రతి ఏడాదీ మారుతుంది, ఎప్పుడూ చిన్న మొత్తమే, కానీ ఎప్పుడో రాసి మరిచిపోయిన వ్యాసం మళ్లీ జీతం తెచ్చినట్లు ఉంటుంది.

మధ్యాహ్నం కొన్ని రోజులు అమెరికా స్మారక గ్రంథాలయానికి వెళతాను, ఈ రోజు కూడా మిమ్మల్ని అక్కడికే తీసుకెళుతున్నాను. 1948–49లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసేసిన దిగ్బంధం తరువాత, అమెరికా ఇచ్చిన సొమ్ముతో కట్టి 1954లో తెరిచారు. నగర గ్రంథాలయాలన్నిటికీ కలిపి కార్డు ఏడాదికి 10 యూరోలు, మన వెయ్యి రూపాయలు. నిజం చెప్పాలంటే నేను పుస్తకాల కోసం ఎంత వస్తానో మనుషుల కోసమూ అంతే వస్తాను. ఈ వృత్తిలో సహోద్యోగి ఉండరు, టీ వేళకు పలకరించేవారు ఉండరు. రాసిన వాక్యం బాగా కుదిరితే పక్కకు తిరిగి వినిపించడానికి ఎవరూ ఉండరు. పాప పడుకుని, నాకు తీరిక దొరికే రాత్రి తొమ్మిదికి వేసవిలో మన దగ్గర పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. అమ్మకు చెప్పాలనుకున్న కబుర్లు చాలా వరకు అలాగే ఆగిపోతాయి.

అయినా ఈ పనిని వదలబుద్ధి కాదు. రోజులో ఎక్కువ భాగం కంపెనీల కోసం ఇంగ్లీషులో ఉత్పత్తుల వివరణలు రాస్తాను, అవి ఇంటి అద్దెకు సరిపోతాయి, వాటిని కూడా శ్రద్ధగానే రాస్తాను. ఆ స్థిరత్వం వల్లనే నాకు ఇష్టమైన వ్యాసాలకు సమయం దొరుకుతుంది. మా ఊరికి దగ్గరలోనే ఉన్న కొండపల్లి బొమ్మల గురించి ఇక్కడి ఒక పత్రికకు రాసినప్పుడు, తేలికైన పొణికి చెక్కను ముందు ఎలా ఆరబెడతారో, చెక్కిన భాగాలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఎలా అతుకుతారో వివరించడానికి ఒక పుటంతా పట్టింది. సంపాదకురాలు ఆ పుటను ఒక్క మాట కూడా కొట్టేయలేదు. చిన్నప్పుడు దసరా బొమ్మల కొలువులో పెట్టుకున్న బొమ్మ గురించి బెర్లిన్‌లో ఎవరో ట్రాములో కూర్చుని చదువుతారన్న ఊహ నాకు కొన్ని వారాల పాటు పనికి ఉత్సాహాన్నిచ్చింది.

ఇక, చెల్లీ, నీ సంగతి. మన దేశంలో కాఎస్‌కా లాంటిది లేదు కాబట్టి ఆరోగ్య బీమా, పింఛను పొదుపు రెండూ నీ రోజు ధరలోనే కలుపుకోవాలి. ఆలస్యంగా చెల్లించేవారి విషయంలో మాత్రం నువ్వనుకున్నంత నిస్సహాయురాలివి కావు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద సేవలందించేవారు కూడా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. ఆ తరువాత రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి నీ బిల్లును ఆపడానికి లేదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. పని ఒప్పుకోకముందే నమోదు పూర్తి చేసుకో. కంపెనీలు పది శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను, పట్టుకున్నాయని దిగులుపడకు, రిటర్ను వేసేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ బెడద ఉండదు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేసుకున్నాకే రాజీనామా ఇవ్వు. మొదటి ధర చెప్పే ముందు నాకొకసారి ఫోన్ చెయ్యి, మీ దగ్గర సాయంత్రం నాలుగింటికైతే ఇక్కడ నా భోజన వేళ, ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.