గాల్వెస్టన్ నుంచి క్రూజ్: ఎక్కే రోజు, దిగే రోజు ఏం జరుగుతుందంటే

నమస్కారమండీ. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పిల్లలకి సెలవులు, అందరం కలిసి ఒక క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నారు కదా. టెక్సాస్‌లో ఉండే మన తెలుగువాళ్లకి అందుబాటులో ఉన్న రేవు గాల్వెస్టన్. హ్యూస్టన్ నుంచి 50 మైళ్లు. డల్లాస్ నుంచైతే ఐ-45 ఎక్కితే చాలు, ఆ రోడ్డు వెళ్లి వెళ్లి గాల్వెస్టన్ దీవిలోనే ఆగిపోతుంది.

ఓడలో ఏం తినాలి, ఏం చూడాలి అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను రెండు రోజుల గురించే చెప్తాను. ఎక్కే రోజు, దిగే రోజు. మధ్యలో రోజులు హాయిగా గడిచిపోతాయి. పెద్దవాళ్లు అలిసిపోయేదీ, పిల్లలు ఏడ్చేదీ, ఇంట్లో ఒకరిమీద ఒకరు విసుక్కునేదీ ఈ రెండు రోజుల్లోనే.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ రెండు రోజుల్లోనూ కొన్ని గంటలపాటు మీ పెట్టెలు మీ దగ్గర ఉండవు. ఎక్కే రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల దాకా, మళ్లీ దిగే ముందు రాత్రి నుంచి తెల్లారేదాకా. ఆ గంటల్లో మీ చేతిసంచిలో ఏముంటే అదే మీకు దిక్కు.

ముందు కాగితాల సంగతి చూద్దాం. టికెట్ కొనకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

బి-2 విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మల్టిపుల్ ఎంట్రీ వీసా చెల్లుబాటులో ఉండాలి. అమెరికా నుంచి ఓడ బయటికి వెళ్లిందంటే దేశం దాటినట్టే, మళ్లీ లోపలికి రానివ్వాలి కదా. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలైనా గడువుంటే మంచిది. తిరిగొచ్చాక ఐ-94 వెబ్‌సైట్‌లో, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డులో, తేదీ తప్పకుండా చూసుకోండి. పాత తేదీయే ఉండొచ్చు. క్రూజ్‌కి వెళ్లొస్తే ఇంకో ఆరు నెలలు కలిసొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినండి. ఐ-797 ఆమోద పత్రం ఉంది, ఐ-94 గడువుంది, కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. మనలో చాలామంది పరిస్థితి ఇదే. ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అని ఒక నియమం ఉంది. మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల్లోపు వస్తే, ఆ గడువు అయిపోయిన స్టాంపుతోనే లోపలికి రావొచ్చు. అయితే గాల్వెస్టన్ ఓడలు చాలావాటికి కొజుమెల్, కోస్టా మాయాతో పాటు రోవాటన్‌లో కూడా ఆగే అలవాటుంది. మొదటి రెండూ మెక్సికోవి. రోవాటన్ హోండురాస్‌ది. హోండురాస్‌కి ఈ నియమం వర్తించదు. ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందో చూడకుండా ధర తక్కువుందని టికెట్ తీసేసుకోకండి. మెక్సికో మాత్రమే ఉన్నా సరే, మీ లాయర్ని ఒకసారి, క్రూజ్ కంపెనీని ఒకసారి అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకుని ప్రింట్ పెట్టుకోండి. టెర్మినల్ కౌంటర్ దగ్గర ఉండే మనిషికి ఈ నియమం తెలిసి ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి, బయలుదేరిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణమైతే, బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది. అయినా పాస్‌పోర్టే పట్టుకెళ్లండి. మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగాలేక మెక్సికోలో దిగిపోయి విమానంలో రావాల్సి వస్తే, బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు.

ఇంకో రెండు. చంటిపిల్లలకి ఆరు నెలలు నిండాలి. గర్భిణులైతే ప్రయాణం ముగిసేసరికి కూడా 24వ వారంలోకి అడుగుపెట్టకూడదు. ఈ రెండు విషయాల్లో రేవు దగ్గర బతిమాలితే పని జరగదు.

ఇప్పుడు ఆన్‌లైన్ చెక్-ఇన్. బయలుదేరడానికి కొన్ని వారాల ముందు కంపెనీ యాప్‌లో తెరుస్తారు. ఫొటోలు, పాస్‌పోర్టు వివరాలు, కార్డు నంబరు ఇచ్చాక, రేవుకి ఏ టైముకి రావాలో ఎంచుకోమంటుంది. ఇది తెరిచిన రోజే చేసేయండి. పొద్దున పదకొండు, పదకొండున్నర టైములు చకచకా అయిపోతాయి. పెద్దవాళ్లతో వెళ్తుంటే నా మాట వినండి, మరీ మొదటి టైము వద్దు. క్యాబిన్లు ఒంటిగంట, ఒంటిగంటన్నర దాటితేగానీ ఇవ్వరు. పొద్దున్నే ఎక్కేస్తే అప్పటిదాకా నడుం వాల్చే చోటు ఉండదు. పన్నెండున్నర ప్రాంతం అనువుగా ఉంటుంది. నాన్నగారు ఎక్కువ దూరం నడవలేరంటే వీల్‌చైర్ సాయం ముందే బుక్ చేయండి. ఎక్కేటప్పుడూ కావాలి, దిగేటప్పుడూ కావాలి అని రెండూ చెప్పండి.

ఇదిగో, ఇది లగేజ్ ట్యాగ్. యాప్‌లోంచి ప్రింట్ తీసుకున్న మామూలు కాగితం. ఇక్కడ పేరు, ఇక్కడ క్యాబిన్ నంబరు. దీన్ని ఇలా నిలువుగా రెండు మడతలు, మళ్లీ అడ్డంగా ఒకటి, పొడుగాటి పట్టీలాగా మడవాలి. క్యాబిన్ నంబరు పైకి కనపడాలి. దీని మీద రెండువైపులా వెడల్పు టేపు అంటించండి. ఇప్పుడు పెట్టె పైన ఉండే హ్యాండిల్ చుట్టూ తిప్పి, రెండు చివర్లూ కలిపి ఒకటి కాదు, మూడు స్టేపుల్స్ కొట్టండి. పక్కన ఉండే హ్యాండిల్‌కి వద్దు, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు నలిగి చిరిగిపోతుంది. అదే పేరు, క్యాబిన్ నంబరు ఒక చీటీ మీద రాసి పెట్టె లోపల కూడా పైనే పడేయండి. బయటి కాగితం ఊడిపోయినా పెట్టె మీ గుమ్మం దగ్గరికి వస్తుంది.

చేతిసంచిలో ఏం ఉండాలి? పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాస్ ప్రింట్, మందులన్నీ. మందులు అంటే ఆ రోజువి కాదండీ, మొత్తం ప్రయాణానివి, డాక్టరు చీటీతో సహా. ఇన్సులిన్ ఉంటే అది మీ చేతిలోనే ఉండాలి, పెట్టెలో వేయనివ్వకండి. అమ్మకి ఒక శాలువా, లోపల ఏసీ చాలా చల్లగా ఉంటుంది. పిల్లలకి ఈత బట్టలు, ఎందుకంటే ఎక్కగానే వాళ్లు అడిగేది అదే. చార్జరు.

తీసుకెళ్లకూడనివి కూడా చెప్పాలి. రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, ఇవేవీ రానివ్వరు. అగరుబత్తీలు, కర్పూరం, దీపం కుందిలో వెలిగించడం, అసలే కుదరదు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటు లేదు, అందుకే అంత పట్టింపు. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టుకునే అమ్మగారైతే ఈ మాట ఇంట్లోనే చెప్పి ఒప్పించండి, స్కానర్ దగ్గర సంచి తీయించి చెప్పడం ఆవిడకి బాధగా ఉంటుంది. ఇంట్లో చేసిన పులిహోర, చపాతీలు మామూలుగా ఒప్పుకోరు. సీలు తీయని ప్యాకెట్లు చాలావరకు వెళ్తాయి, మీ కంపెనీ పేజీలో ఒకసారి చూసుకోండి. తిండి గురించి దిగులు పెట్టుకోకండి. మొదటి రాత్రి డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్ని పిలిచి, మాంసం, చేప, గుడ్డు వద్దు, ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్పండి. చాలా ఓడల్లో మన దేశం కుర్రాళ్లు వంటింట్లో ఉంటారు, మర్నాటి నుంచి పప్పు, కూర వచ్చేస్తాయి.

ఇక ప్రయాణం. విమానంలో వచ్చేవాళ్లు ముందురోజే వచ్చేయండి. హాబీ విమానాశ్రయం రేవుకి దగ్గర, బుష్ ఇంటర్‌కాంటినెంటల్ దూరం, హ్యూస్టన్ ట్రాఫిక్ దాటి రావాలి. ఓడ మీకోసం ఆగదు. ప్రయాణికుల జాబితా బయలుదేరడానికి 60 నిమిషాల ముందే అమెరికా కస్టమ్స్‌వాళ్లకి పంపాలి, అందుకే తలుపులు ఎప్పుడో మూసేస్తారు. నాలుగింటికి ఓడంటే నాలుగింటికి రావడం కాదు.

ఏ టెర్మినలో చూసుకుని వెళ్లండి. గాల్వెస్టన్‌లో అవి ఒకచోట లేవు. రాయల్ కరీబియన్‌ది టెర్మినల్ 10, 2022 నవంబరులో తెరిచారు. కార్నివల్ ఓడలు 25, 28 దగ్గర నిలుస్తాయి. ముందు టెర్మినల్ గుమ్మం దగ్గర మనుషుల్నీ పెట్టెల్నీ దించేసి, తర్వాత ఒక్కరే వెళ్లి కారు పార్కింగ్‌లో పెట్టి షటిల్ బస్సులో రండి. గుమ్మం దగ్గర పోర్టర్లు ఉంటారు, పెద్ద పెట్టెలు వాళ్లకివ్వాలి. పెట్టెకి ఒకటో రెండో డాలర్లు టిప్పు ఇవ్వడం ఆనవాయితీ, చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి.

లోపల విమానాశ్రయంలా స్కానర్, తర్వాత కౌంటర్లో పాస్‌పోర్టు, వీసా చూసి ఫొటో తీస్తారు. ఆ ఫొటోతోనే తర్వాత కొజుమెల్‌లో దిగినా ఎక్కినా గుర్తుపడతారు. ఆపైన గ్యాంగ్‌వే మీదుగా లోపలికి. ఆ వంతెన కొన్నిచోట్ల ఏటవాలుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పక్కనున్న కమ్మీ పట్టుకుని నడవాలి. మీ కార్డులు సాధారణంగా క్యాబిన్ తలుపు దగ్గర కవర్లో ఉంటాయి. ఆ కార్డే తాళంచెవి, అదే డబ్బు, అదే గుర్తింపు కార్డు.

ఎక్కాక మొదటి పని మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో ముందే నేర్పే కసరత్తు. ఇది ఎగ్గొట్టడానికి లేదు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయిని కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ కదలకముందు, లేదా కదిలిన వెంటనే జరగాల్సిందే. ఇప్పుడు చాలా ఓడల్లో యాప్‌లోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూసి, మీకిచ్చిన చోటుకి నడిచి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది. ఆ చోటు పేరు మీ కార్డు మీదే అక్షరం, అంకెతో ఉంటుంది. అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకుని మెట్లదారినే వెళ్లండి, ప్రమాదంలో లిఫ్టులు వాడకూడదు కాబట్టి. మెట్లు దిగలేనివాళ్లుంటే గెస్ట్ సర్వీసెస్‌లో ఆ రోజే చెప్పి పేరు రాయించండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అది ప్రమాద సంకేతమని వాళ్లకి తెలుగులో నెమ్మదిగా చెప్పండి. ఇంగ్లీషు ప్రకటన సగం అర్థంకాక భయపడేది వాళ్లే.

ఇక దిగే సంగతి. ఆఖరి రోజు మీ క్యాబిన్‌లోకి రంగు రంగుల ట్యాగులో, నంబర్లున్న ట్యాగులో వస్తాయి. రెండు దారులున్నాయి. మీ పెట్టెలన్నీ మీరే మోసుకుని దిగిపోగలిగితే ట్యాగు అక్కర్లేదు, అందరికంటే ముందు పంపిస్తారు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు, నాలుగు పెట్టెలు ఉన్నాయంటే మాత్రం ఆ దారి వద్దు. ఆ టైముకి లిఫ్టులు కిక్కిరిసి ఉంటాయి. రెండోది, ట్యాగు కట్టి రాత్రి పది, పదకొండులోపు పెట్టెలు తలుపు బయట పెట్టేయడం.

ఇక్కడే మళ్లీ చేతిసంచి. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పళ్లసెట్టు, కళ్లజోడు, పాస్‌పోర్టులు బయటికి తీశాకే పెట్టె జిప్పు వేయండి. రాత్రి పన్నెండింటికి వరండాలో పెట్టె కోసం వెతికే మనుషులు ప్రతి ఓడలోనూ కనపడతారు, అప్పటికి పెట్టె కింది డెక్కుకి వెళ్లిపోయి ఉంటుంది. క్యాబిన్ సేఫ్ తలుపు తెరిచే ఉంచి పడుకోండి. అమ్మ గాజులు అందులోనే మర్చిపోయేది ఈ హడావుడిలోనే.

తెల్లవారుజామునే ఓడ రేవుకి వస్తుంది. శీతాకాలంలో, ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరిల్లో గాల్వెస్టన్ దగ్గర దట్టమైన పొగమంచు కమ్మి, రేవులోకి దారి చూపే పైలట్లు ఓడల్ని లోపలికి తీసుకురాని రోజులుంటాయి. గంటల తరబడి బయటే నిలబడాలి. అందుకే దిగిన రోజు మధ్యాహ్నం లోపు విమానం బుక్ చేయకండి. చలికాలమైతే సాయంత్రం విమానమే మేలు.

క్యాబిన్ ఎనిమిదింటికల్లా ఖాళీ చేయమంటారు, అదే రోజు కొత్తవాళ్లు ఎక్కాలి కదా. టిఫిన్ చేసి, కూర్చునే చోటు చూసుకుని, మీ నంబరు పిలిచేదాకా అక్కడే ఉండండి. ముందే వెళ్లి గ్యాంగ్‌వే దగ్గర నిలబడితే పెద్దవాళ్ల కాళ్లు పీకడం తప్ప ప్రయోజనం లేదు. దిగేటప్పుడు కార్డు ఆఖరిసారి స్కాన్ చేస్తారు. బఫేలోంచి అరటిపండు, ఆపిల్ ఏదీ సంచిలో వేసుకోకండి. బయట కుక్కలు వాసన పట్టేస్తాయి, జరిమానా పడొచ్చు.

కింద పెద్ద హాల్లో మీ రంగు, నంబరు ప్రకారం పెట్టెలు వరసలుగా పేర్చి ఉంటాయి. అన్నీ నల్ల పెట్టెలే, ఎర్ర రిబ్బను కట్టి ఉంటే పని తేలిక. తర్వాత కస్టమ్స్ అధికారి ముఖం ఫొటో తీస్తారు, విజిటర్ వీసావాళ్లని రెండు ప్రశ్నలు అడగొచ్చు. అందుకని అమ్మానాన్నల వెంటే ఉండండి, వేరే వరసలోకి పంపకండి. మెక్సికోలోనో ఓడలోనో మద్యం సీసాలు కొన్నవాళ్లకి ఇంకో బల్ల ఉంటుంది. టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ వాళ్లది. అమెరికా కస్టమ్స్ మినహాయింపు ఉన్నా సరే, టెక్సాస్ పన్ను సీసాకింత అని కట్టాలి.

పెట్టె కనపడకపోతే పక్క నంబర్ల వరసల్లో కూడా చూడండి. అక్కడా లేకపోతే హాలు దాటకముందే కంపెనీ బల్ల దగ్గర ఫిర్యాదు రాయించి, కాగితం తీసుకోండి. బయటికెళ్లాక మళ్లీ లోపలికి రానివ్వరు. ఇక కారు. ఒక్కరు షటిల్ ఎక్కి వెళ్లి తెచ్చుకోండి, మిగతావాళ్లు పెట్టెలతో నీడలో కూర్చోండి. ఏ గుమ్మం దగ్గర నిలబడ్డారో ఆ గుమ్మం నంబరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి.