పొద్దుగూకేలోపు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, వేదిక దిగి వంటల దగ్గర నిలబడ్డ కమిటీ సభ్యులకి, ముగ్గుల రంగులు చొక్కాలకి పూసుకున్న పిల్లలకి, అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. అధ్యక్షులవారు నన్ను పది నిమిషాల్లో పండగ విశిష్టత చెప్పమన్నారు. ఉత్తరాయణం, కొత్తబియ్యం, గొబ్బెమ్మలు, హరిదాసు. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. మా మనవరాలికి యూట్యూబే చెప్పేసింది. దానికి ఒక నిమిషం అయిపోయింది. మిగతా తొమ్మిదీ నావి.

పండగ వారం మధ్యలో వచ్చి వెళ్ళిపోయింది. మనం ఈ ఆదివారం ఎందుకు చేసుకుంటున్నాం? రేపు సెలవు కాబట్టి. ఎవరి సెలవు? లాంగ్ వీకెండ్ అంటారేంటండీ, పిల్లలు కరెక్టుగా చెప్తున్నారు చూడండి. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ గారి సెలవు. 1986 నుంచి జనవరి మూడో సోమవారం కేంద్ర ప్రభుత్వ సెలవుగా ఇస్తున్నారు. ప్రతి ఏడాదీ మన గొబ్బెమ్మలు ఆయన పుట్టినరోజు మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ మైకులో ఇన్నేళ్ళుగా ఆయన పేరు ఒక్కసారైనా విన్నామా? నేను రెండేళ్ళు సెక్రటరీగా చేశాను. నేనూ చెప్పలేదు.

ఆ సెలవు మొదలైన మరుసటేడు, 1987 జనవరి 17న, జార్జియాలో మనముంటున్న ఇదే ఫోర్సైత్ కౌంటీలో కొద్దిమంది ఊరేగింపు తీస్తే రాళ్ళూ సీసాలూ విసిరారు. విసిరింది కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా వాళ్ళూ, వాళ్ళతో చేరిన స్థానికులూ. వారం తిరగకుండా 24న దాదాపు 20 వేలమంది వచ్చి నడిచారు. పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నడిపించారు, కింగ్ గారి భార్య కొరెటా కూడా వచ్చారు. ఎందుకంటే అప్పటికి 75 ఏళ్ళుగా ఈ కౌంటీలో నల్లవాళ్ళని ఉండనివ్వలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఆరు. హాల్లో నాలుగు వందల మందిమి ఉన్నాం.

అసలు కథ 1912 సెప్టెంబర్‌ది. మే క్రో అనే 18 ఏళ్ళ తెల్లమ్మాయి మీద దాడి జరిగింది, రెండు వారాలకి చనిపోయింది. అనుమానంతో పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని జైల్లోంచి లాక్కొచ్చి, మన కౌంటీ ముఖ్యపట్టణం కమ్మింగ్ నడిబొడ్డున చంపి స్తంభానికి వేలాడదీశారు. అదే కేసులో ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అని ఇద్దరు నల్ల కుర్రాళ్ళు. ఒక్కొక్కరిదీ ఒక్కరోజులోనే విచారణ ముగించేసి, అక్టోబర్ 25న వేలమంది చూస్తుండగా ఉరితీశారు. నాక్స్‌కి 16 ఏళ్ళు. మా పెద్ద మనవడి వయసు. ఆ తర్వాత రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి ఇళ్ళ మీద కాల్చారు, చర్చిలు తగలబెట్టారు. కౌంటీలో ఉన్న 1,098 మంది నల్లవాళ్ళలో దాదాపు అందరూ కొద్ది వారాల్లో వెళ్ళిపోయారు. పొలాలున్నవాళ్ళు కొందరు అయినకాడికి అమ్ముకున్నారు, కొందరికి ఆ వ్యవధీ లేదు. వదిలేసిన పొలానికి పక్కవాడు పన్ను కట్టి తనదనిపించుకున్నాడు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నేను చెప్పక్కర్లేదు. పుస్తకాల్లో లేనిదొకటి చెప్తాను.

2006లో మేం ఇక్కడ ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి ఆఫీసులో నా పక్క సీటావిడని పిలిచాను. పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు. నల్లజాతి మనిషి, గెయిన్స్‌విల్‌లో ఉంటుంది, ఇక్కడికి అరగంట. "ఏ కౌంటీ?" అని అడిగింది. చెప్పాను. కాసేపు కంప్యూటర్ వంక చూసి, "ఎన్నింటికి?" అంది. వ్రతం పదకొండుకి, భోజనాలు ఒంటిగంటకి, సాయంత్రం పాటలూ అవీ ఉంటాయి, రాత్రిదాకా ఉండాలి అన్నాను.

వచ్చింది. కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఆకుపచ్చ గౌను, చేతిలో తను చేసిన కేకు. మోకాళ్ళ నొప్పులున్నా వ్రతకథ అయిదధ్యాయాలూ కిందే కూర్చుంది. పులిహోర రెండుసార్లు వడ్డించుకుంది. మా అమ్మ బొట్టుపెట్టి జాకెట్టు ముక్క ఇస్తే, అదేంటో తెలియకపోయినా రెండు చేతులతో తీసుకుంది. మూడున్నరకల్లా కొడుకు వచ్చి లేపాడు. కార్తీకమాసం, ఐదున్నరకే చీకటి పడుతుంది. కాఫీ తాగి వెళ్ళమని బతిమాలాను. అప్పటికే ఆ అబ్బాయి కారు స్టార్ట్ చేసి పెట్టాడు. కేకు గిన్నె కూడా మర్చిపోయి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక మా ఇంట్లో ఒక మాట అన్నారు. "ఎంత మర్యాద చేసినా వీళ్ళింతే." అన్నది నేనే.

ఆవిడ 2012లో రిటైరైంది. చివరిరోజు లంచ్‌లో తనే చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ తొమ్మిదేళ్ళ పిల్లగా ఈ కౌంటీ నుంచి పారిపోయిందట. పొద్దుగూకాక ఫోర్సైత్‌లో ఉండకూడదని ఇంట్లో పిల్లలందరికీ చెప్పేవారట. మా ఇంటికి వచ్చేనాటికి ఆవిడకి 58 ఏళ్ళు. పక్క కౌంటీలోనే పుట్టి పెరిగిన మనిషి ఈ కౌంటీలో కారు దిగడం అదే మొదటిసారి. "పొలం ఎక్కడ ఉండేది?" అని అడిగాను. బిగ్ క్రీక్ దగ్గర అని వినడమేగానీ, ఎక్కడో తెలియదంది. మనం రోజూ పొద్దున వాకింగ్ చేసేది ఎక్కడండీ? బిగ్ క్రీక్ గ్రీన్‌వేలోనే కదా.

కమిటీ నుంచి చీటీ వచ్చింది. "మూడు నిమిషాలు." సరే.

ఇల్లు కొనేముందు నేను ఏజెంటుని ఏమడిగానో కూడా చెప్పేస్తాను, సగం చెప్పి ఊరుకోవడం ఎందుకు? "ఏరియా మంచిదేనా? నల్లవాళ్ళు ఎక్కువ లేరుగా?" దానికి ఏజెంట్లు జవాబు చెప్పకూడదు, 1968 నుంచీ ఇళ్ళ విషయంలో వివక్ష మీద చట్టముంది. ఆయన నవ్వి స్కూళ్ళ రేటింగులు చూపించాడు. నాకర్థమైంది. మీరూ నవ్వుతున్నారంటే మీకూ అర్థమైంది. కర్నూల్లో మా నాన్న ఇల్లు అద్దెకిచ్చేముందు "మీరేమిట్లు?" అని అడిగేవాడు. నేను అమెరికా వచ్చి స్కూల్ రేటింగ్ అడిగాను.

ఆ నాన్నే విజిట్‌కి వస్తే అందరిలాగే స్టోన్ మౌంటెన్‌కి తీసుకెళ్ళాను. కొండమీద చెక్కిన ముగ్గురు గుర్రపువీరుల్ని చూసి, "వీళ్ళెవర్రా?" అన్నాడు. నాకేం తెలుసు? "ఇక్కడి స్వాతంత్ర్య సమరయోధులు" అన్నాను. "అల్లూరి సీతారామరాజు లాంటోళ్ళా?" "ఆ, అలాంటోళ్ళే." ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ఆ ముగ్గురూ బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షం నాయకులు, డేవిస్, లీ, జాక్సన్. నాన్న పోయి పదేళ్ళైంది. ఆ తప్పు ఆయనకి చెప్పలేకపోయాను.

వెనక వరసలో మా బావ తల అడ్డంగా ఊపుతున్నాడు. నిన్న ఫోన్లో అన్నాడు, "బావా, వందేళ్ళనాటి గొడవ పండగపూట నీకెందుకు? వాళ్ళు ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతున్నారు, మనం కష్టపడి పైకొచ్చాం" అని. ఈ మాట ఇక్కడ చాలామంది మనసులో ఉంది. బావా, నీకే చెప్తున్నా, కాస్త ఫోన్ పక్కన పెట్టు.

1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మన ఊరు మునిగింది. నాకది అమ్మ ఊరు, నీకు సొంతూరు. ఇళ్ళు కూలగొట్టి ఖాళీ చేయించారు. మామ ఏం చేశాడు? ఇంటి ద్వారబంధం ఊడదీసి ఎద్దులబండి మీద వేసుకొచ్చాడు. నువ్వు బండి వెనక నడిచావు, గడప జారిపోకుండా పట్టుకుని. పోయినేడాది ఆ ద్వారబంధాన్నే ఓడమీద తెప్పించి నీ పూజగదికి పెట్టించావు. షిప్పింగ్‌కి ఎంతయిందో చెల్లెమ్మకి చెప్పలేదు, నేనూ చెప్పను. ఎకరాకి ఎంత ఇచ్చారో, ఎంత రావాల్సిందో ఇప్పటికీ పైసలతో సహా అప్పజెప్తావు. తప్పా? తప్పు కాదు. మరి తక్కువో ఎక్కువో మన చేతిలో పెట్టారు. మన పొలం ఏ సర్వే నంబరో మనకి తెలుసు. మన ఊరు మునిగి నలభై ఏళ్ళు దాటినా మనకి పాతబడలేదు. ఆవిడ అమ్మమ్మ ఊరు మాత్రం పాత గొడవ అయిపోయిందా?

రెండో చీటీ. బిర్యానీ చల్లారుతోందట. ఒక్క మాట.

మనం కష్టపడ్డాం, నిజమే. కానీ రానిస్తేనే కదా కష్టపడేది. 1965కి ముందు ఇండియా కోటా ఏడాదికి వంద మంది. ఆ ఏడాది ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబర్ 3న వలస చట్టం. రెండూ ఒకే ఊపులో వచ్చాయి. ఆ ఊపు తెచ్చినవాళ్ళు అలబామా రోడ్ల మీద దెబ్బలు తిన్నారు. వాళ్ళ మనవల్ని మన ఇళ్ళలో ఏ మాటతో పిలుస్తామో మీకు తెలుసు, హిందీ నుంచి తెచ్చుకున్న మాట. పిల్లలున్నారు, మైకులో అనను. ఇంట్లో వాళ్ళ ముందే అంటాం అనుకోండి. 2017లో కాన్సస్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు మాత్రం కొవ్వొత్తులు పట్టుకుని రేసిజం అన్నాం. నేనూ పట్టుకున్నాను.

రేపటి సంగతి చెప్పి దిగిపోతాను. 1912 గురించి కమ్మింగ్ డౌన్‌టౌన్‌లో ఒక బోర్డు పెట్టారు. పొద్దున పదింటికి నేను దాని దగ్గర ఉంటాను. పార్కింగ్‌కి డబ్బులక్కర్లేదు. అక్కడినుంచి గెయిన్స్‌విల్, ఆవిడ ఇంటికి. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక బయటికి రావడం లేదు. ఈ సభకీ పిలిచాను, "ఎన్నింటికి అయిపోతుంది?" అని అడిగింది. తొమ్మిదవుతుందన్నాను. "చూద్దాంలే" అంది.

అరిసెలు కట్టించాను. కేకు గిన్నె ఇన్నేళ్ళుగా మా ఇంట్లోనే ఉంది, అదీ ఇచ్చేయాలి. కారులో మూడు సీట్లు ఖాళీ. బావా, ఒకటి నీకు.