రోసేషియాకి జనరిక్ మెట్రోనిడజోల్ జెల్: ఎండాకాలమంతా వాడి చూశాను

నమస్తే అండీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఈ ట్యూబ్ చూడండి. మెట్రోనిడజోల్ జెల్, 1 శాతం. పేరున్న బ్రాండ్ కాదు, జనరిక్. మొహం ఎర్రబడి పొక్కులొచ్చే రోసేషియా అనే చర్మ జబ్బుకి మా స్కిన్ డాక్టర్ రాసిచ్చారు. ఎండలు ముదరకముందు మొదలుపెట్టి, తొలకరి దాకా ఆపకుండా వాడాను.

ఫలితం ముందే చెప్పేస్తాను. బుగ్గల మీద, గడ్డం మీద వచ్చే పొక్కులకి బాగా పనిచేసింది. ఎరుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ముక్కు పక్కన సన్నగా కనిపించే రక్తనాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి ఏ జెల్ రాసినా పోవు, లేజర్ చేయించుకోవాల్సిందే. కాబట్టి ఎర్రటి గీతలు మాత్రమే ఉండి, పొక్కులు లేనివాళ్ళు దీనిమీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అసలు రోసేషియా అంటే ఏంటో చాలామందికి తెలియదు. మొహం మధ్యభాగంలో, అంటే బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద చర్మం ఉన్నట్టుండి వేడెక్కి ఎర్రబడుతుంది. కొంతమందికి పొక్కులు కూడా వస్తాయి. చూడటానికి మొటిమల్లాగే ఉంటాయి గానీ, మొటిమల్లో ఉండే బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ వీటిలో ఉండవు. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు, కమిలినట్టు, కాస్త గోధుమరంగులో కనిపిస్తుంది. అందుకే మనవాళ్ళలో ఇది చాలాసార్లు బయటపడదు. ఇంట్లో చెప్తే "వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు" అంటారు. తాగండి, తప్పులేదు. కానీ దానివల్ల ఇది తగ్గదు. మొహం తరచూ మండుతుంటే, నీళ్ళు తగిలినా చురుక్కుమంటుంటే ఒకసారి డాక్టర్‌కి చూపించండి. మా ఊళ్ళో పొగతోటకి వెళ్తే స్కిన్ డాక్టర్లు దొరుకుతారు, పెద్దాసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళమని ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మందుల షాపులో "మొహానికి ఏదైనా క్రీమ్ ఇవ్వండి" అని అడిగితే చేతిలో పడేది చాలాసార్లు స్టెరాయిడ్ క్రీమ్. బెటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి. రాసిన కొత్తలో ఎరుపు ఇట్టే తగ్గిపోతుంది, మొహం తెల్లబడినట్టు కూడా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపగానే ముందుకంటే ఎక్కువగా ఎర్రబడి పొక్కులు లేస్తాయి. స్టెరాయిడ్ వల్లే రోసేషియా లాంటి జబ్బు మొదలవుతుంది కూడా. మన దేశంలో ఈ బాధ ఎంత ఎక్కువంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. మా టిఫిన్ షాపుకి వచ్చే ఒక అమ్మాయి పెళ్ళి కుదిరిందని అలాంటి క్రీమ్ రాసుకుంది. ఆ పిల్ల మొహం మీద ఇప్పుడు మామూలు సబ్బు తగిలినా మంటే. ఆ పిల్లని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇప్పటికే అలాంటిది వాడుతున్నవాళ్ళు ఈ వీడియో చూసి సొంతంగా ఆపేయకండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరే చెప్పాలి.

సరే, ట్యూబ్ సంగతికి వద్దాం. కొనేటప్పుడు ఇక్కడ జాగ్రత్త. మెట్రోనిడజోల్ పేరుతో నోటిపూతకి, చిగుళ్ళకి రాసే జెల్ కూడా దొరుకుతుంది. అందులోనూ మెట్రోనిడజోల్ ఉంటుంది, దానితోపాటు క్లోర్‌హెక్సిడిన్ కలుపుతారు. అది మొహానికి రాసేది కాదు. ఆడవాళ్ళ ఇన్ఫెక్షన్లకి వాడే జెల్ వేరే ఉంది. షాపులో కుర్రాడు హడావుడిలో ఏది తీసిచ్చినా పెట్టె మీద చదవండి. మెట్రోనిడజోల్ ఒక్కటే ఉండాలి, చర్మానికి పైపూత అని ఉండాలి. శాతం కూడా చూడండి. 0.75 శాతం అయితే మామూలుగా రోజుకి రెండుసార్లు, 1 శాతం అయితే ఒకసారి రాస్తారు.

జనరిక్ కదా, పనిచేస్తుందా అని నన్ను చాలామంది అడిగారు. మందు అదే. తేడా ఎక్కడ రావచ్చంటే, మందుని కలిపే జెల్‌లో. కొన్ని జెల్స్‌లో ఉండే ప్రొపైలీన్ గ్లైకాల్ సున్నితమైన చర్మానికి మంట పుట్టిస్తుంది. నా ట్యూబ్ మీద ఉత్త "జెల్ బేస్" అనే ఉంది, అందులో ఏమేం కలిపారో రాయలేదు. ఇది నాకు నచ్చలేదు. మొహం మీద రాసుకునేదానికి కలిపినవాటి పూర్తి జాబితా ఇవ్వాలి. నాకు మొదటి వారం రాసిన వెంటనే చురచురలాడేది, తర్వాత పోయింది. మీకు మంట తగ్గకపోతే డాక్టర్‌ని అడిగి వేరే తయారీకి గానీ, క్రీమ్‌కి గానీ మారండి. పొడి చర్మానికి క్రీమే హాయి. నాది జిడ్డు చర్మం, చెమట ఎక్కువ, కాబట్టి జెల్ సరిపోయింది. రాసిన కాసేపటికే ఆరిపోతుంది, వాసన లేదు, జిడ్డు లేదు. ఆరాక చర్మం కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది, దానిమీద మాయిశ్చరైజర్ రాస్తే సర్దుకుంటుంది.

రాసే పద్ధతి ఇదీ. గాఢమైన సబ్బు కాకుండా తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడుక్కుని, రుద్దకుండా అద్దుకుని, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత శనగగింజంత జెల్ తీసుకుని, పొక్కు మీద చుక్కలా పెట్టకుండా, ఎర్రబడే చోటంతా పలచగా రాయండి. కంటి దగ్గరికి పోనివ్వకండి, నీళ్ళు కారతాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఓపిక మాత్రం కావాలి. నాకు మూడు వారాలకి కొత్త పొక్కులు రావడం తగ్గింది, అసలు తేడా రెండో నెల దాటాకే కనపడింది. మెట్రోనిడజోల్ అంటే క్రిములని చంపే మందు అని మనకి తెలుసు కదా. రోసేషియాలో మాత్రం అది చర్మంలో వాపుని తగ్గించి మేలు చేస్తుందని డాక్టర్లు చెబుతారు. అందుకే రాత్రికి రాత్రే ఏమీ మారదు.

జెల్ ఎంత రాసినా, వేడి తగిలితే మొహం మళ్ళీ భగ్గుమంటుంది. పొద్దున్నే పెనం ముందు నిలబడి కారం దోసెలు వేసేదాన్ని, నాకు ఇది బాగా తెలుసు. పెనం పక్కన చిన్న ఫ్యాన్ పెట్టుకున్నాక ఉన్న తేడా అంతా ఇంతా కాదు. కాఫీ కాస్త చల్లారాక తాగుతున్నాను. చేపల పులుసు మానలేను, మనం నెల్లూరోళ్ళం. మర్నాడు చల్లారిన పులుసు తింటే ఆవిరి బాధ తప్పుతుంది గానీ కారం బాధ తప్పదు, అందుకే నా వరకు కారం తగ్గించి వండుతున్నాను. రోహిణి కార్తె ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా బయటికి వెళ్ళొద్దు. ఎస్‌పీఎఫ్ 30 తగ్గకుండా, జింక్ ఆక్సైడ్ ఉన్నది అయితే మంట తక్కువ. ఈ జెల్ కన్నా సన్‌స్క్రీన్‌కే నాకు ఎక్కువ ఖర్చయింది. రొయ్యల గుంటల దగ్గర, పొలాల్లో పనిచేసేవాళ్ళు రోజూ అది కొనడం కష్టం, నాకు తెలుసు. వెడల్పు అంచు టోపీ, నూలు తువాలు, వీలైతే ఎండ ముదరకముందే పని, ఇవి కూడా మందు కింద లెక్కే.

ఇంకా మంచి మందు లేదా అంటే ఉంది. ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 వారాలు రెండింటినీ పోల్చి చూస్తే, పొక్కులు తగ్గించడంలో 0.75 శాతం మెట్రోనిడజోల్ కంటే అదే మెరుగ్గా తేలింది. అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్ కూడా వాడతారు. ధర, దొరకడం చూసుకుని నేనైతే మెట్రోనిడజోల్‌తోనే మొదలుపెట్టమంటాను, చాలకపోతే డాక్టర్ మారుస్తారు. పొక్కులు తగ్గాక కూడా డాక్టర్ నన్ను వెంటనే ఆపొద్దన్నారు, ఆపేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువట. అందుకే ఇంకా రాస్తున్నాను.

నా ట్యూబ్ ముందు వెనకా ఫొటోలు స్క్రీన్ మీద పెడుతున్నాను. స్క్రీన్‌షాట్ తీసుకుని, డాక్టర్ చీటీతో పాటు షాపులో చూపించండి. మొహంతో పాటు కళ్ళు కూడా ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే మాత్రం ఈ జెల్ గురించి ఆలోచించకుండా ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రోసేషియా కంటికీ వస్తుంది.