అమెరికాలో లోకల్ పోలీస్ పట్టుకుంటే కేసు ఐస్ దాకా ఎలా వెళ్తుంది?

(తెరపై: రాత్రి హైవే, వెనక పోలీస్ కారు లైట్లు)

డ్యాలస్ పక్కన ఇర్వింగ్‌లో మనవాడొకడి కారును పోలీసులు ఆపారనుకోండి. స్పీడింగ్ టికెట్ రాసి పంపేస్తే గొడవ లేదు. తాగి నడుపుతున్నాడని అరెస్ట్ చేసి జైలుకు తీసుకెళ్తే మాత్రం వ్యవహారం ఐస్ (ICE) దాకా, అంటే ఇమిగ్రేషన్ చట్టాలు అమలు చేసే కేంద్ర సంస్థ దాకా వెళ్లొచ్చు.

(తెరపై: స్కానర్ గాజు మీద నాలుగు వేళ్లు)

జైల్లో ముందు బుకింగ్. ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ (ఐస్ ఈ శాఖలోనిదే) డేటాబేస్‌కి వెళ్తాయి. వీసా కోసం హైదరాబాద్‌లో మనం వేళ్లు పెట్టి ఇచ్చిన ముద్రలు ఉండేదీ అందులోనే! 2008లో మొదలైన ఏర్పాటు ఇది. మనిషి ఎవరో, ఏ వీసా మీద వచ్చాడో తెలుసుకోడానికి ఏ పోలీసూ ఐస్‌కి ఫోన్ చేయనక్కర్లేదు.

"మాది న్యూజెర్సీ, ఇక్కడి పోలీసులు ఐస్‌కి సాయం చేయరు, టెన్షన్ లేదు" అని వాట్సాప్ గ్రూపుల్లో ధీమాగా రాసేవాళ్లు మర్చిపోయేది ఇదే. వేలిముద్రలు అక్కణ్ణుంచి కూడా వెళ్తాయి. రాష్ట్రం చేతిలో ఉన్నది ఆ తర్వాతి అడుగు మాత్రమే.

(తెరపై: ఒక ఫారం, కింద సంతకం)

ఆ అడుగు పేరు డిటైనర్. "ఇతన్ని వదిలే టైమయ్యాక ఇంకో 48 గంటల దాకా ఉంచండి, మేమొస్తాం" అని జైలుకు ఐస్ పంపే కాగితం. దాని మీద సంతకం ఐస్ ఆఫీసర్‌ది, జడ్జిది కాదు. 2008లో పెన్సిల్వేనియాలో ఒకతనికి బెయిల్ వచ్చినా ఈ కాగితం చూసి మూడు రోజులు జైల్లోనే ఉంచారు. తీరా చూస్తే అతను న్యూజెర్సీలో పుట్టిన అమెరికా పౌరుడు! ఆ కేసులోనే 2014లో ఫిలడెల్ఫియా అప్పీల్స్ కోర్టు, డిటైనర్ ఆర్డర్ కాదు, రిక్వెస్ట్ మాత్రమేనని తేల్చింది.

లోకల్ ఆఫీసర్లతో కేంద్రం బలవంతంగా తన పని చేయించుకోకూడదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. తమాషా ఏంటంటే, ఆ కేసు తుపాకుల గురించి. కొనేవాళ్ల చరిత్ర మేమెందుకు చూడాలని మోంటానా, అరిజోనా షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధిపతులు) కోర్టుకెక్కి గెలిచారు. ఐస్‌కి సాయం చేయబోమనడానికి ఇవాళ కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఆసరా చేసుకునేది ఆ తీర్పునే.

(తెరపై: అమెరికా మ్యాప్, టెక్సస్, న్యూజెర్సీ వెలుగుతూ)

అయితే కేంద్రం బలవంతం చేయకూడదు కానీ రాష్ట్రం చేయొచ్చు. టెక్సస్ అదే చేసింది. డిటైనర్ వస్తే జైళ్లు పాటించి తీరాలని 2017లో చట్టం తెచ్చింది. జైలు నడిపే షెరీఫ్‌లు ఐస్‌తో ఒప్పందం చేసుకోవాలని 2025లో ఇంకోటి. 287(జీ) అని వింటుంటామే, ఆ ఒప్పందాలే. 1996 చట్టంలోనివి. ఐస్ దగ్గర ట్రైనింగ్ తీసుకున్న షెరీఫ్ మనిషి జైల్లోనే ఇమిగ్రేషన్ ప్రశ్నలు వేస్తాడు. న్యూజెర్సీ 2018లో దీనికి ఎదురుదారి పట్టింది: తీవ్రమైన నేరాల్లో తప్ప డిటైనర్ కోసం మనిషిని ఆపి ఉంచొద్దని పోలీసులకు ఆదేశం. అప్పుడు ఐస్ వాళ్లే స్వయంగా వచ్చి పట్టుకోవాలి. వస్తారు కూడా.

(తెరపై: జైలు బయట పార్కింగ్ లాట్)

రూమ్మేట్లు చేసే పొరపాటు ఒకటుంది. మనవాడు లోపలున్నాడని తెలియగానే చందాలేసుకుని బెయిల్ కట్టేస్తారు. డిటైనర్ పడి ఉంటే, బెయిల్ కట్టిన క్షణం నుంచి ఆ 48 గంటల లెక్క మొదలవుతుంది. అతను ఇంటికి రాకుండా నేరుగా ఐస్ వ్యాన్ ఎక్కొచ్చు. అందుకే డబ్బు కట్టకముందే జైలుకు ఫోన్ చేసి ఐస్ హోల్డ్, అంటే డిటైనర్, ఉందా అని అడగండి. ఉందంటే, క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడాకే బెయిల్ సంగతి చూడండి.